హషర్‌కు ఇంటాయన ఎవరు?

జుల్హుమోర్‌ను చంపింది గుండెజబ్బు కాదు, ఖుద్రత్. ఈ సంగతి వాడ పెద్ద ఖుద్రత్‌కు తప్ప ఊరందరికీ తెలుసు.

ఆమె ఊరి ఆసుపత్రిలో నర్సు. పత్తి కాలంలో ఉద్యోగుల్ని కూడా సర్కారు చేలకు తోలుతుంది. అలా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని పత్తి ఏరడానికి పంపారు. బడిలో సిమెంటు నేల మీద పడక. పంతొమ్మిదో రోజున చేలోనే కూలిపోయింది. ఆమె ఏరిన ఆ కాస్త పత్తీ లేకపోతే దేశం ఏమైపోయేదో. ఆమె పోయిన నలభయ్యో రోజున ఖుద్రత్ ఆమె పేర ప్రశంసాపత్రం తెచ్చాడు, అద్దం కూడా కట్టించి. భర్త నార్మమత్ దాన్ని కోళ్లగూటికి తలుపుగా పెట్టుకున్నాడు. గట్టి సరుకు, నక్క రాలేదు.

మళ్లీ పత్తి కాలం వచ్చింది. ఈసారి జనాన్ని బలవంతంగా పంపుతున్నారేమో చూడ్డానికి విదేశీ పరిశీలకులు కూడా వస్తున్నారట. ఖుద్రత్ వేడి రొట్టెలు పట్టుకుని వచ్చి, వదినగారు తన ఇష్టంతోనే, ఇరుగుపొరుగుకు సాయంగా హషర్‌కు వెళ్లినట్టు వెళ్లిందని చెప్పమన్నాడు. ఊరి పరువు అన్నాడు. వెళ్తూ వెళ్తూ, అదే ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురు మొహిరా పేరు ఈ ఏటి జాబితాలో ఉందని, కావాలంటే కొట్టేయించవచ్చని అన్నాడు. మనిషిది మెత్తని మనసు.

పరిశీలకులు వచ్చారు. వాళ్ల వెంట రాజధాని నుంచి మాటలు అనువదించే పిల్ల. పక్కన ఖుద్రత్, ఇస్త్రీ చొక్కాలో.

"నా భార్య హషర్‌కే వెళ్లింది," అన్నాడు నార్మమత్.

ఖుద్రత్ తల ఊపాడు.

"మా దగ్గర ఎవరైనా గోడ కట్టుకుంటే పదిమందీ వెళ్లి చెయ్యి వేస్తాం. అదే హషర్. ఇంటాయన పులావు పెడతాడు, పొద్దు గూకకముందే అందర్నీ ఇంటికి పంపుతాడు. నా భార్య ఇంకా రాలేదు. ఆ హషర్‌కు ఇంటాయన ఈయనే. అడగండి."

"నేనెందుకు ఇంటాయన్నవుతాను, అన్నా?" అన్నాడు ఖుద్రత్. "జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇరవైమందిని పంపాలన్నారు, పంపాను. నాదేముంది ఇందులో?"

ఆ పిల్ల తలెత్తకుండా మాటకు మాట అనువదించింది. విదేశీయులు రాసుకున్నారు.

ఆ ఏడాది ఆసుపత్రి నుంచి ఒక్కరూ పత్తికి వెళ్లలేదు. నర్సులందరికీ ఉన్నట్టుండి ఇష్టం పోయిందట.

పొరపాటుగా అన్నానని రాసివ్వమంటూ ఖుద్రత్ రెండుసార్లు వచ్చాడు. నువ్వు చెప్పమన్నదే చెప్పాను గదా అని నార్మమత్ గుమ్మంలోంచే పంపేశాడు.

ఒక ఉదయం టీ పోస్తూ మొహిరా అడిగింది.

"అమ్మ వెళ్లేటప్పుడు నువ్వు వద్దనలేదా నాన్నా?"

నార్మమత్ టీ గిన్నెలోకి చూశాడు. ఆ రోజు జుల్హుమోర్ పక్కబట్టలు మడిచి తాడు బిగించింది తనే.

"ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు. "నేనూ ఎత్తను."