జహ్రాకి ఏం ఫంక్షన్?

ఆ గురువారం పొద్దున్నే ఓ గిఫ్ట్ బ్యాగు గురించి అత్తాకోడళ్లకి మాటా మాటా వచ్చింది.

గిఫ్ట్ బ్యాగులు దాచుకోవడం అమెరికాలో, ఈ క్యారీ ఊళ్లో ప్రతి తెలుగింట్లోనూ ఉన్నదే. హైమ మాత్రం వాటిని సైజుల వారీగా మడిచి, టిష్యూ కాగితాలు చేత్తో సాపు చేసి, ఏ బ్యాగు ఎవరిచ్చారో అడుగున పెన్సిల్‌తో రాసి మరీ దాస్తుంది. ఇచ్చినవాళ్లకే మళ్లీ అదే బ్యాగు వెళ్తే ఎంత అప్రతిష్ఠ! అలాంటి బ్యాగుల్లోకెల్లా మంచిది, బంగారు రంగుది, సిల్కు తాళ్లది. దాన్నిండా అత్తగారు కనకదుర్గ ఎండుమిరపకాయలు పోసి స్టవ్ పక్కన నిలబెట్టారు.

"అత్తయ్యగారూ, ప్యాంట్రీలో అన్ని డబ్బాలుండగా దీన్లో పోశారేంటి?"

"నీ డబ్బాల మూతలు నాకు రావమ్మా. నాలుగు పక్కలా నొక్కాలి, మూడు పక్కలు నొక్కేసరికి మొదటిది లేచిపోతుంది. ఇదైతే బుద్ధిగా నిలబడింది."

"ఇప్పుడు దీన్ని ఎవరికిస్తాం? తుమ్ముకుంటూ తీసుకోవాలి."

పై గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న హైమ భర్త శ్యామ్‌సుందర్ మెట్ల దాకా వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లిపోయాడు. కనకదుర్గ మిరపకాయల్ని ఒక గిన్నెలోకి ఒంపుతూ, ఆ బ్యాగు తనకీ కావాలని, దులిపి ఎండలో పెట్టమని అన్నారు. రాజమండ్రి నుంచి తెచ్చిన వెండి పట్టీలు అందులో పెట్టి జహ్రాకి ఇవ్వాలట.

"జహ్రాకి ఎందుకు?"

"ఫంక్షన్ ఉందిగా."

"జహ్రాకి ఏం ఫంక్షన్?" అంది హైమ.

జహ్రా నాలుగిళ్ల అవతలి సకీనా, ముస్తఫాల కూతురు, ఏడేళ్లది. సకీనా వాళ్లది సికింద్రాబాద్. మూడు తరాలుగా అక్కడ హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, బయట చక్కని తెలుగు. సకీనా ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది కాబట్టి, స్కూల్ బస్సు దిగిన పిల్ల సాయంత్రం దాకా హైమ దగ్గరే ఉంటుంది. కొడుకు కాలేజీకి వెళ్లిపోయాక నిశ్శబ్దమైపోయిన ఆ ఇంట్లో ఇప్పుడు మళ్లీ పెన్సిల్ చెక్కుడూ, పెరుగన్నంలో నలిపిన చిప్స్ ముక్కలూ కనిపిస్తున్నాయి. కరివేపాకు ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చడంలో ఆ పిల్ల హైమకి ఏమాత్రం తీసిపోదు.

సకీనా అత్తగారు మరియమ్ బాయి కూడా చూడ్డానికని వచ్చి ఆర్నెల్లుగా ఇక్కడే ఉన్నారు. రోజూ సాయంత్రం ఆవిడా కనకదుర్గా స్నీకర్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్తారు. ఒకరిది చీర, ఒకరిది తల మీంచి కప్పుకునే పువ్వుల అంచు రిదా. ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకుంటారు. కార్లు తప్ప మనుషులు కనిపించని ఆ వీధుల్లో వాళ్లిద్దరి నవ్వు మలుపు తిరగకముందే వినిపిస్తుంది.

ఆ వాకింగ్‌లోనే తెలిసిందట. జూన్‌లో సెలవులివ్వగానే మనవరాలిని సికింద్రాబాద్ తీసుకెళ్తున్నానని, పిల్లకి ఏడు నిండాయి గనక ఆడపిల్లకి చేయించాల్సింది ఒకటి చేయిస్తానని మరియమ్ బాయి చెప్పారు. చెవులు ఎప్పుడో కుట్టించేశారు. అయితే ఓణీలే అయ్యుంటాయని, వాళ్లలో కాస్త ముందుగా చేస్తారేమోనని కనకదుర్గ అర్థం చేసుకున్నారు. అంతటితో ఆగారా అంటే అదీ లేదు.

"నిన్న మెయిల్‌బాక్సు దగ్గర ముస్తఫా కనిపించాడు. సంతోషం బాబూ, పాప ఫంక్షన్ అట కదా, భోజనాలు ఎంతమందికి అని అడిగాను. తెల్లమొహం వేశాడు. ఈ కాలం మగపిల్లలకి ఇంట్లో ఏం జరుగుతోందో తెలీదు" అని నవ్వారు.

హైమకి నవ్వు రాలేదు. తండ్రికి తెలియని ఫంక్షన్ ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

సాయంత్రం సకీనా కూతురి కోసం వచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది. జహ్రాని మొక్కలకి నీళ్లు పొయ్యమని పెరట్లోకి పంపి, హైమ ఆమెని లాండ్రీ గదిలోకి తీసుకెళ్లింది. డ్రైయర్ తిరుగుతుంటే ఆ గదిలో మాట బయటికి పోదు.

"ఆంటీ మా ఆయనతో ఏమన్నరు అక్కా? రాత్రంతా ఏం ఫంక్షన్, ఏం ఫంక్షన్ అని ఒకటే అడుగుతున్నడు. మా ఇళ్లల్ల ఈ సంగతి మగవాళ్లకి చెప్పరు. మా నాన్నకి కూడా తెల్వదు."

"ఏ సంగతి?"

సకీనా డ్రైయర్ వైపు చూస్తూ చెప్పింది. "కోస్తరు అక్కా. ఆడపిల్లకి కింద, కొంచెం. నాకూ చేసిన్రు. బొమ్మ కొనిస్తనని మా పెద్దమ్మ తీస్కపోయింది. బొమ్మ కొనిచ్చింది కూడా."

హైమ చేతిలో మడుస్తున్న తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇలాంటివి ఆఫ్రికాలో ఎక్కడో జరుగుతాయని ఎప్పుడో చదివింది. సికింద్రాబాద్‌లో, తను చదువుకున్న ఊళ్లోనే, తన వయసు పిల్లలకి జరిగిందంటే నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. అందరూ చేయరని, తన చెల్లెలు తన కూతురికి చేయించలేదని, వాళ్లలో దీన్ని గట్టిగా వద్దనే ఆడవాళ్లు చాలామందే ఉన్నారని సకీనా చెప్పింది. తనకే నోరు రావడం లేదు. తన తల్లి పోయాక తనకి పురుడు పోసింది, పాలిచ్చే రోజుల్లో రాత్రిళ్లు మేలుకుంది ఆ అత్తగారే. ఆవిడ చెడ్డది కాదు. పిల్లకి మంచి చేస్తున్నాననే అనుకుంటోంది. జూన్ లోపు ఏదో ఒకటి తోస్తుందిలే అనుకుంటూ సకీనా వాయిదా వేస్తూ వచ్చింది.

"అదీ ఇండియాలో కదా. ఇక్కడి చట్టం అక్కడ పని చెయ్యదు కదా" అంది చివరికి.

విన్నమాట మీద హైమ ఎప్పుడూ ఆగదు. వాళ్లు వెళ్లగానే లాప్‌టాప్ ముందు కూర్చుంది. వాట్సాప్‌లో వచ్చే ముక్కలు కాకుండా అసలు చట్టమే తెరిచి, అర్థం కాని వాక్యాలు రెండేసిసార్లు చదివింది. తర్వాత రాలీలో లాయరుగా ఉన్న అదితికి ఫోన్ చేసింది. అదితి శ్యామ్‌సుందర్ స్నేహితుడి కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల. ఎవరి గురించో చెప్పకుండా సంగతి మాత్రం అడిగింది.

"ఆంటీ, ఇక్కడ చేసినా క్రైమే, అందుకోసం ఇండియా తీసుకెళ్లినా క్రైమే. ఫెడరల్ లా అది. పదేళ్ల దాకా జైలు. నార్త్ కెరొలైనాకి సెపరేట్‌గా ఇంకో లా ఉంది. మా కస్టమ్ అంటే కోర్ట్ వినదు. మదర్ ఓకే చెప్పింది అన్నా వినదు. మదర్‌కి కూడా ప్రాబ్లమ్" అంది అదితి. ఆగి, "ఆంటీ, ఆ గర్ల్ సేఫేనా?" అని అడిగింది.

"సేఫ్‌గానే ఉంటుంది" అంది హైమ, ఆ మాటకి తనే పూచీ అన్నట్టు.

మర్నాడు లాండ్రీ గదిలోనే సకీనాకి ఇదంతా చెప్పింది. నువ్వు ఎదురు చెప్పలేకపోతే చట్టాన్ని చెప్పనివ్వు, వెనక నిలబడడానికి అంత పెద్ద గోడ ఉంది కదా అంది. సకీనా కాస్త తేలికపడి, మళ్లీ దిగులుపడింది. పోలీసులంటూ వస్తే తన ఇల్లేమవ్వాలి, అత్తగారేమవ్వాలి?

"ఎవరినీ పట్టించడం నాకూ ఇష్టం లేదు. పిల్ల మీద ఎవరి చెయ్యీ పడకూడదు, అంతే" అంది హైమ. తర్వాత మాట చెప్పడం కష్టంగా ఉన్నా చెప్పింది. "కానీ సకీనా, ఆ పని కోసమని జహ్రాని విమానం ఎక్కిస్తే మాత్రం నేనే ఫోన్ చేస్తాను. నీ వెనకాల చెయ్యను. నీకు చెప్పే చేస్తాను."

సకీనా కళ్లు తుడుచుకుని నవ్వింది. "నా తరఫున ఇంత కోపంగా ఎవరూ మాట్లాడలే అక్కా, నాకు ఏడేళ్లప్పటి నుంచి."

ఆ రాత్రి సకీనా భర్తకి అంతా చెప్పింది. ముస్తఫా వెంటనే తల్లి దగ్గరికి వెళ్లాడట. మగాడివి, నీకెందుకురా ఈ మాటలు అని ఆవిడ కసిరితే, నా కూతురు కాబట్టి నాకే అన్నాడట. దాంతో మరియమ్ బాయి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. వాకింగ్ ఆగిపోయింది.

ఇక కనకదుర్గకి చెప్పక తప్పలేదు. ఆవిడ విని, కుర్చీలో కూర్చుని గొణిగారు. "భోజనాలు ఎంతమందికి అని అడిగానే తల్లీ."

"మీరు అడగబట్టే బయటపడింది అత్తయ్యగారూ."

అది ఓదార్పని ఆవిడ నమ్మలేదు. నాలుగు రోజులు ఒంటరిగా నడిచారు. సకీనా ఇంటి ముందుకి రాగానే స్నీకర్ లేసు ఊడినట్టు వంగడం, కిటికీకేసి చూడడం, లేవడం. ఐదో రోజున లేసు నాటకం కట్టిపెట్టి తిన్నగా వెళ్లి బెల్లు కొట్టారు. గంట దాటినా తిరిగి రాలేదు. కూర మాడినా గమనించకుండా హైమ వీధి తలుపు దగ్గరే తచ్చాడింది.

వచ్చాక కనకదుర్గ ముందు మంచినీళ్లడిగారు. తర్వాత చెప్పారు. మరియమ్ బాయి మొదట ముభావంగానే ఉన్నారట. చివరికి, వదినగారూ ఒకటడుగుతాను, మీకు చేశారా అన్నారట. లేదన్నారట ఈవిడ. మీ అమ్మాయిలకి? లేదన్నారట. మీలో ఎవ్వరికీ? ఎవ్వరికీ లేదు.

"మరి పిల్ల చెడిపోదా అంది. అది చేయించకపోతే ఆడది ఇంటిపట్టున ఉండదని వాళ్లమ్మ చెప్పిందట, వాళ్లమ్మకి వాళ్లమ్మ. నన్ను పైనించి కిందకి చూసింది. నేనన్నానూ, వదినగారూ, నలభై ఏడేళ్లు కాపరం చేశాను, ముగ్గుర్ని పెంచాను, దాటిన గడపల్లా మీ ఇంటిదే, అదీ బెల్లు కొట్టి దాటాను అని."

"ఏమన్నారు?"

"మీ ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదా అంది. మా ఆయనకి నన్ను ఏదన్నా అనే ధైర్యం ఎప్పుడుంది అన్నాను. నవ్వేసింది." కనకదుర్గ గ్లాసు కింద పెట్టారు. "నవ్వి, తర్వాత ఏడ్చింది. తనకి చేసిన రోజు ఇంకా గుర్తుందట. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదట. చట్టం సంగతి నేనూ చెప్పాను, జైలుకి పోతే అక్కడ వాకింగ్‌కి నేను రాలేను వదినగారూ అని. కానీ అమ్మాయ్, ఆవిడ జైలుకి భయపడినట్టు లేదు. ఇంకేదో ఆలోచిస్తోంది."

ఏం ఆలోచిస్తోందో ఆ రోజు తెలియలేదు. శనివారం ముస్తఫా స్వయంగా వచ్చి, రేపు మధ్యాహ్నం అందరూ భోజనానికి రావాలని పిలిచాడు. శాకాహారమే, గిన్నెలు కూడా కొత్తవి అని కనకదుర్గకి ప్రత్యేకంగా చెప్పాడు. ఎందుకు పిలుస్తున్నాడో చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం, "ఎంతమందికి అని అడిగారుగా ఆంటీ. ఏడుగురికి" అన్నాడు. కనకదుర్గకి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఆదివారం సకీనా ఇంట్లో నేల మీద పెద్ద గుడ్డ పరిచి, పీట మీద బండి చక్రమంత పళ్లెం పెట్టారు. దాని చుట్టూ అందరూ కూర్చుని అందులోంచే తినడం వాళ్ల పద్ధతి. మోకాళ్ల నొప్పులని శ్యామ్‌సుందర్ కొంచెం గునిసి, కనకదుర్గ చకచకా బాసిపట్టు వేసుక్కూర్చోవడం చూసి తనూ కూర్చున్నాడు. అన్నీ ఒకే పళ్లెంలో అనేసరికి హైమకి లోలోపల కొంచెం ఇబ్బందిగానే ఉంది. కానీ అన్నం ఎవరి వైపుది వాళ్లదేనని, గీత గీసినట్టే తింటారని చూశాక కుదుటపడింది. జహ్రా చిన్న గిన్నెతో ఉప్పు పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చింది. భోజనానికి ముందు ప్రతివాళ్లూ చిటికెడు నాలికకి రాసుకోవాలి.

"ఎక్కువ తీసుకోకండి హైమా ఆంటీ, ఇట్స్ జస్ట్ ఫర్ స్టార్టింగ్" అని ఆ పిల్ల హెచ్చరించింది.

మరియమ్ బాయి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పప్పన్నం మీద నెయ్యి మాత్రం అందరికీ ఆవిడే వేశారు. అప్పుడు సకీనా, చెయ్యి పళ్లెంలో పెట్టకుండానే, గొంతు సవరించుకుంది.

"అత్తమ్మా, అందరి ముందర చెప్తున్న. జూన్‌ల మేం ముగ్గురం మీతోని వస్తున్నం. సెలవులకే. జహ్రాకి అది చేయించం. ఇప్పుడు కాదు, ఎప్పుడూ కాదు. అక్కడ ఎవరడిగినా నేనే చెప్తా."

ముస్తఫా భార్య పక్కకి జరిగి కూర్చున్నాడు.

"అది అంటే ఏంటి?" అంది జహ్రా.

"చెప్తా. ఇయ్యాలనే చెప్తా, నీకర్థమయ్యేటట్టు" అంది సకీనా. "నీ దగ్గర ఏదీ దాయ."

మరియమ్ బాయి నేతి గిన్నె పక్కన పెట్టి, మనవరాలిని దగ్గరికి లాక్కుని, కోడలి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పకు బిడ్డా. నీ మాట మా ఆడబిడ్డలు వినరు. నేను చెప్త. అమెరికా పోలీసులు ఈ ముసల్దాన్ని పట్కపోతరని చెప్త. దానికీ వినకపోతే, మరియమ్ వద్దన్నదని చెప్త. ఈ ఇంట్ల ఇది నాతోని ఆఖరు." ఆవిడ అందరినీ ఒకసారి చూశారు. "తినండి, అన్నం చల్లారుతది."