నలభై రెండో ట్రే

కళ్లద్దాలు తయారుచేసే ఆ వర్క్‌షాపులో మేనకోడలి తెలివి మీద మేనత్తకు ఎంత నమ్మకముందో, మేనకోడలికీ అంతే ఉండేది. అదే కాస్త ఎక్కువైంది.

మేనత్త ఇరవై రెండేళ్లుగా అక్కడ చెకింగు గదిలో పనిచేస్తోంది. తయారైన ప్రతి లెన్సూ ఆమె చేతి మీదుగానే బయటికి పోవాలి. పవరు కొలిచే యంత్రంలో కన్ను పెట్టి ఆమె ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. యజమాని కూడా ఆమెను అక్కా అనే పిలుస్తాడు. ఆమే పట్టుబట్టి మేనకోడల్ని తీసుకొచ్చింది. "మా అన్నయ్య కూతురు. ప్రోగ్రాములు రాస్తుంది. దీనివల్ల కాకపోతే ఇక ఎవరివల్లా కాదు" అని అందరి ముందూ చెప్పింది. దాంతో వర్క్‌షాపంతా ఆ పిల్లకు కంప్యూటరమ్మ అని పేరు పెట్టేసింది. వెక్కిరింతకే పెట్టారు గానీ, ఆమెకు ఆ పేరు నచ్చింది.

అక్కడి కష్టం చెప్పుకుంటే చిన్నదే. ప్రతి ఆర్డరూ ఒక ప్లాస్టిక్ ట్రేలో పడి ఆర్డర్ల గది నుంచి గ్రైండింగు గదికి, అక్కణ్ణుంచి చెకింగు గదికి నడుస్తుంది. మొన్నమొన్నటిదాకా పవరు రాసిన చీటీ కూడా ట్రేలోనే ఉండేది. గ్రైండింగు నీళ్లకు చీటీ తడిసి అంకెలు అలుక్కుపోతున్నాయని యజమాని ప్రతి బల్ల దగ్గరా ఒక ట్యాబు పెట్టించాడు. తడవడం పోయింది, ఎదురుచూడడం వచ్చింది. తెర ముట్టుకున్న ప్రతిసారీ అది ఆఫీసు గదిలోని సర్వరు దాకా పోయి అడిగి రావాలి. గ్రైండింగు గది గోడలు మందం, నెట్‌వర్కు అంతంతమాత్రం. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

"ఇది తిరిగేలోపు నేను రెండు లెన్సులు అరగదీస్తాను" అనేవాడు గ్రైండింగు మేస్త్రి. అనడమే కాదు, జేబులో చిత్తుకాగితాలు పెట్టుకుని అంకెలన్నీ వాటి మీదే రాసుకునేవాడు.

కంప్యూటరమ్మ వారం రోజులు ఒక్కొక్కరి పక్కనా స్టూలు వేసుకుని కూర్చుంది. వాళ్లెలా పనిచేస్తారో, ఎలా మాట్లాడుకుంటారో చూసింది. తర్వాత మూడు వారాలు తలుపు మూసుకుని రాసింది. దాన్ని ఆ వృత్తిలో ఆబ్జెక్ట్ క్యాష్ అంటారు. మేస్త్రికి ఆమె వేరేగా చెప్పింది.

"చిటికెడు ఉప్పు కావాలంటే ప్రతిసారీ కొట్టుకి పరిగెత్తుతామా మేస్త్రి గారూ? వంటింట్లో డబ్బా పెట్టుకుంటాం. అలాగే ఒకసారి తెచ్చిన ఆర్డరుని మీ ట్యాబే గుర్తుపెట్టుకుంటుంది. ఎన్నిసార్లు ముట్టుకున్నా ఆ ఒక్కదాన్నే చూపిస్తుంది. ఆఫీసులో ఏదైనా మార్చారనుకోండి, సర్వరు కబురు పంపుతుంది, అప్పుడు మాత్రం కొత్తది తెచ్చుకుంటుంది."

"చక్రం తిరగదా?"

"తిరగదు."

"చూద్దాం" అన్నాడు మేస్త్రి. ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప.

యజమాని మాత్రం మెత్తబడలేదు. సోమవారం నుంచి శనివారం దాకా చూస్తానన్నాడు. "అంతా సవ్యంగా జరిగితే ఉద్యోగం నీదే. ఒక్క లెన్సు తప్పు వచ్చినా ట్యాబులన్నీ అటకెక్కుతాయి, మళ్లీ చీటీలే. మీ అత్త మొహం చూసి కూడా ఊరుకోను." ఈ పని కోసం ఆమె చేతిలో ఉన్న వేరే ఉద్యోగం వదులుకుని వచ్చిందని ఆయనకు తెలుసు. అయినా ఆ మాట అన్నాడు.

సోమ, మంగళ, బుధవారాలు పని పరుగులు పెట్టింది. వేలు పెట్టగానే తెర మీద అంకెలు. మేస్త్రి జేబులో కాగితాలు లేవు. మేనత్త అయితే వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పుకుని మురిసిపోయింది. కంప్యూటరమ్మ నేల మీద నడవడం మానేసింది.

గురువారం పొద్దున పది గంటలకు అత్త కబురు పెట్టింది. చెకింగు గదిలోకి వెళ్లగానే తలుపు గడియ వేసింది.

"నలభై రెండో ట్రే. అర్జెంటు ఆర్డరని ముందుగా పంపారు. నా ట్యాబులో మైనస్ ఒకటిన్నర. లెన్సు కొలిస్తే మైనస్ నాలుగు. మేస్త్రేమో తన తెర మీద నాలుగే ఉందంటాడు. వెళ్లి చూశాను, నిజంగానే నాలుగుంది."

కంప్యూటరమ్మ అత్త ట్యాబు చేతిలోకి తీసుకుంది. "మీ ట్యాబు పొద్దున ఆపి ఆన్ చేశారా అత్తా?"

"చార్జింగు అయిపోతే చేశాను. ఏం?"

ఆపి ఆన్ చేస్తే ట్యాబు పాతవన్నీ మరిచిపోయి సర్వరుని కొత్తగా అడుగుతుంది. అందుకే అత్త తెర నిజం చెప్పింది. మేస్త్రి తెర మరిచిపోలేదు, అందుకే అబద్ధం చెప్పింది. అక్కణ్ణుంచి తన తప్పు తనకు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ వర్క్‌షాపులో ఆర్డరు నంబరు ఎవరూ పలకరు. అది పదకొండు అంకెలు. "నలభై రెండు వచ్చిందా?", "పందొమ్మిది పగిలింది" అంటూ అందరూ ట్రే నంబరే పలుకుతారు. అత్త అయితే ఇంట్లో భోజనాల దగ్గర కూడా అంతే. చెవులారా విన్న కంప్యూటరమ్మ ఆర్డర్లను ట్రే నంబరుతోనే గుర్తుపెట్టుకోమని ట్యాబులకు నేర్పింది. ఆమె బల్ల మీద పరీక్షకు పెట్టుకున్న ట్రేలన్నీ కొత్తవే, ఏ ఒక్కటీ రెండోసారి వాడలేదు. వర్క్‌షాపులో తిరిగే ట్రేలు అరవై. అవి ఖాళీ అయి మళ్లీ మొదటికి రావడానికి మూడు రోజులు పడుతుంది. నాలుగో రోజు నలభై రెండో ట్రేలో కొత్త ఆర్డరు కూర్చుంది. పాత ఆర్డరులో ఎవరూ ఏమీ మార్చలేదు కాబట్టి సర్వరు కబురు పంపలేదు; నలభై రెండు నాకు తెలుసులే అని ట్యాబు పాతదాన్నే చూపించింది. అంత శ్రద్ధగా విని, విన్నదాంట్లోనే పప్పులో కాలేసింది.

అత్త గొంతు తగ్గించింది. "ఇదిగో, దీన్ని విరిగిందని రాసేస్తాను. రోజుకి రెండు మూడు విరుగుతూనే ఉంటాయి, ఎవరూ అడగరు. నువ్వు మధ్యాహ్నంలోపు సరిచేసుకో. శనివారం దాటనీ."

కంప్యూటరమ్మకు ఆ క్షణాన అత్తను కావలించుకోవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. మూడు రోజుల్లో తిరిగొచ్చిన ట్రే ఒక్క నలభై రెండేనా?

"అది కుదరదత్తా" అని గడియ తీసింది.

నేరుగా గ్రైండింగు గదిలోకి వెళ్లి, "మేస్త్రి గారూ, యంత్రాలన్నీ ఆపండి. తప్పు మీది కాదు, నాది" అంది. పెట్టినప్పటినుంచీ పగలు ఆగని ఆ యంత్రాలు ఆగేసరికి ఆఫీసు గదిలోంచి యజమాని పరుగెత్తుకొచ్చాడు. ఆమె నీళ్లు నమలలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ట్రేలన్నీ తీసి చూస్తే ఇంకా చెకింగుకు రానివి మరో ఎనిమిది తేలాయి. మొత్తం తొమ్మిది లెన్సులు, తొమ్మిదీ తప్పే.

"ఒక్కటి తప్పినా అన్నాను. నువ్వు తొమ్మిది చేశావు" అన్నాడు యజమాని.

"అవును సార్. రెండు గంటలు ఇవ్వండి. ఆ తర్వాత అటకెక్కించండి."

ఎందుకిచ్చాడో ఆయనకే తెలియాలి, ఇచ్చాడు. ఆమె అక్కడే, మేస్త్రి పక్కనే స్టూలు మీద కూర్చుని మార్చింది. ఇప్పుడు ట్యాబు గుర్తుపెట్టుకునేది ఆ పదకొండు అంకెల ఆర్డరునే. ఈ ట్రేలో ఇప్పుడున్నది ఏ ఆర్డరు అనే ఒక్క ముక్క మాత్రం ప్రతిసారీ సర్వరుని అడుగుతుంది. చిన్న ముక్క కాబట్టి చక్రం తిరగదు. నెట్‌వర్కు అందకపోతే తెర పసుపురంగుకి మారి "సరిచూడలేదు" అని రాస్తుంది. మేస్త్రి నలభై రెండో ట్రేలోని ఆర్డర్ని పందొమ్మిదిలోకి, పందొమ్మిదిలోది నలభై రెండులోకి మార్పించి చూశాడు. మూడు గదుల్లోనూ తెరలు మారాయి. నెట్‌వర్కు తీగ పీకి చూశాడు. పసుపురంగు వచ్చింది.

"ఇక తప్పు రాదని రాసిస్తావా?" అన్నాడు యజమాని.

"రాసివ్వను సార్. తెలియనప్పుడు తెలియదని చెబుతుంది, అంతవరకు రాసిస్తాను. చీటీ ఎప్పుడైనా అలా చెప్పిందా?"

యజమాని మొహం ఎర్రబడింది. "చీటీల కాలంలో ఇలా తొమ్మిది తప్పలేదమ్మా!"

అప్పుడు మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "తప్పాయి సార్. తడిసిన చీటీలో మూడు ఎనిమిదయిన రోజులు నాకు ఎన్నో తెలుసు. అలాంటివన్నీ విరిగినవాటిలో రాయించేవాణ్ణి. నా చేతిలో లెన్సు విరిగి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు."

యజమాని గుమ్మంలో నిలబడ్డ అత్త వైపు తిరిగాడు. విరిగినవి రాసేది ఆమే.

"నిజమేనా అక్కా?"

ఇరవై రెండేళ్లలో మొదటిసారి అత్త తల దించుకుంది. "నిజమే. ఇవాళ కూడా రాయబోయాను. ఇదే రాయనివ్వలేదు."

యజమాని మేస్త్రి బల్ల మీది ట్యాబు తీసి కంప్యూటరమ్మ చేతికిచ్చాడు. "విరిగినవి అనే గడి పక్కన తప్పినవి అని ఇంకో గడి పెట్టు. పక్కన ఎవరివల్ల అనేది కూడా ఉండాలి. ముందు నీ తొమ్మిదీ ఎక్కించు. సోమవారం నుంచి ఉద్యోగానికి వచ్చెయ్" అని వెళ్లిపోయాడు.

ఆమె గడి పెట్టింది. తన పేరు పక్కన తొమ్మిది అని కొట్టింది. అంకె సరిగ్గానే పడింది.

అత్త ఇంకో స్టూలు లాక్కొచ్చుకుని పక్కన కూర్చుంది. "కాస్త జరుగు" అంది. "నావి రాయాలంటే పొద్దుపోతుంది."