ప్రెసిడెంటు గారి భార్య పేజీ

పొద్దున్నే టై కట్టుకునే ముందు రత్నకుమార్ ఆ లావుపాటి పుస్తకం తెరవాల్సిందే. తెరిచాడా, అందులోంచి హాలంతా చప్పట్లు! ఒకరివీ ఇద్దరివీ కాదండోయ్, మైదానం నిండా జనం లేచి నిలబడి కొట్టే చప్పట్లు. వాటి మధ్య మెడ కాస్త పైకెత్తి, ముడి సరిచూసుకుని, "వస్తానే సుసన్నా" అని దోహాలో వెస్ట్ బే వైపున్న ఆఫీసుకి బయల్దేరేవాడు. వెనకాలే సుసన్న వెళ్ళి పుస్తకం మూసేది. ఆ తర్వాత కూతురు పెర్సిస్‌ని స్కూలు బస్సెక్కించడం, అంట్లు, వంట, మామూలే.

అదొక అమెరికా ప్రెసిడెంటు జీవిత చరిత్ర. ఏ ప్రెసిడెంటని మాత్రం అడక్కండి. ఆయనకి పేరుకేం కొదవ లేదు, మళ్ళీ మనం కూడా తల్చుకోవాలా? రత్నకుమార్ ఆఫీసులో ఒక పెద్దాయన దేశం విడిచి వెళ్తూ సామాన్లు పంచిపెడితే, ఇతని వంతుకి ఇది వచ్చింది. ముందు సగమంతా ఆయన బయటి బతుకు: ఎన్నికలు, ఉపన్యాసాలు, ఒప్పందాలు. వెనక సగం ఇంటి బతుకు. చప్పట్లన్నీ ముందు సగంలోవే.

అల్ ఘర్రాఫా పేటలో ఒక విల్లాలో పై వాటా వీళ్ళది. కింది వాటాలో హైదరాబాదు మనిషి ఖమర్ సుల్తానా ఉంటుంది. "సుసన్నమ్మా, జర పుస్తకం మూయమ్మా, మావోడు ఇప్పుడే పండుకున్నడు" అని మెట్ల కింది నుంచి కేకేసేది. అంతకు మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. పెర్సిస్ కాకరకాయ కూర వదలకుండా తిన్న రోజున పుస్తకం తెరిచేవాళ్ళు. నీళ్ళ డబ్బాలు పైకి మోసుకొచ్చిన కుర్రాడికీ తెరిచేవాళ్ళు.

ఓ రోజు లస్మయ్యకీ తెరిచారు. లస్మయ్యది జగిత్యాల వైపు పల్లె. ఊరి బయట ఉమ్ సలాల్‌లో ఒక తోటకి పికప్ బండి నడుపుతాడు. ఘర్రాఫా కొట్లలో కూరలు దించాక, మిగిలిన గోంగూర సుసన్నకి తెచ్చిస్తాడు. చప్పట్లు మొదలయ్యేసరికి కంగారుపడిపోయాడు.

"నాకెందుకమ్మా సప్పట్లు? నేనేం గెలిచిన్నని?"

"అవి ఊరికే మోగుతాయా ఏంటి? ఇంత ఎండలో తెచ్చావు. తీసుకో లస్మయ్యన్నా, నీవే."

లస్మయ్య చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, అవి సద్దుమణిగేదాకా నిలబడ్డాడు. ఏదో గుర్తొచ్చి గబగబా ఊళ్ళో భార్యకి ఫోన్ కలిపి పుస్తకం దగ్గర పెట్టాడు. అవతల, గల్ఫంతా దుబాయే అనుకునే ముత్తవ్వ, "ఓయమ్మో, దుబాయ్‌ల నీకు గింతమంది సప్పట్లు కొడుతున్నరా!" అంది. లస్మయ్యకి కళ్ళు చెమర్చాయి. సుసన్నకీ చెమర్చాయి, గోంగూర కట్ట విప్పే నెపంతో తల దించుకుంది.

సుసన్న ఒకప్పుడు కాకినాడలో నర్సు. పెళ్ళయి ఇక్కడికొచ్చి, పెర్సిస్ పుట్టాక ఆ తెల్ల యూనిఫారం సూట్‌కేసు అడుక్కి చేరింది. ఇక్కడ డ్యూటీలో చేరాలంటే లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. తప్పితే తప్పింది, ఆ తప్పడం దోహాలో ఉన్న గోదావరి వాళ్ళందరికీ తెలిసింది చూడండీ, అదీ ఆమె బాధ. ఇక్కడి తెలుగు క్రైస్తవుల సహవాసానికి రత్నకుమార్ ప్రెసిడెంటు. అవును, ఈయనా ప్రెసిడెంటే! పరీక్షకి వారం ముందే గ్రూపులో ప్రార్థన మనవి పెట్టేశాడు: "నా భార్య సుసన్న పరీక్ష నిమిత్తం భారంతో ప్రార్థించండి." పాపం, మంచి మనసుతోనే పెట్టాడు. ఫలితం వచ్చాక శుక్రవారం కూడికలో అందరూ ఆమె వండిన బిర్యానీ తింటూ, "దేవుడు నీకు ఇంకా మంచిది దాచి ఉంచాడు సిస్టర్" అని ఓదార్చారు. ఓదార్చి మళ్ళీ వడ్డించుకున్నారు. సుసన్న వంటింట్లోకెళ్ళి ట్యాప్ తిప్పి ఏడ్చింది.

ఇప్పుడు మూడోసారి. వీధి చివర క్లినిక్‌లో మేడమ్, "లైసెన్సు తెచ్చుకో, ఈ నెలాఖరు దాకా ఉద్యోగం నీ కోసం ఆపుతాను" అంది. ఈసారీ పోతే చదివే పుస్తకాలన్నీ కట్టగట్టి అల్మరా మీద పడేయడమే, ఇక ఈ జన్మకి యూనిఫారం లేదు అని సుసన్న గట్టిగా అనుకుంది. మొగుడికి చెప్పలేదు. తీసుకెళ్ళడానికి బండి కావాలి కాబట్టి లస్మయ్య ఒక్కడికే చెప్పింది.

చదువుకుంటూ అలసటొచ్చినప్పుడు ప్రెసిడెంటు పుస్తకం వెనక సగం తిరగేసేది. అక్కడ ఒక పేజీలో ఆయన భార్య ఫోటో ఉంది. ఆయన ఉపన్యాసాల్లో తప్పులు దిద్దిందట. వేళాపాళా లేకుండా వచ్చే మందికి కాఫీలు కాచిందట. ఆయన ఎన్నికల్లో ఓడిన రోజున ఇంటి తలుపు వేసి, ఆయన్ని పడుకోబెట్టి, వచ్చినవాళ్ళకి తానే జవాబు చెప్పిందట. సుసన్న పేజీకి చెవి ఆనించింది. ఏమీ లేదు. గోడకి చెవి పెట్టినా ఏదో ఒకటి వినబడుతుంది, ఇక్కడ అదీ లేదు.

"అయ్యో తల్లీ, నీకెవరూ కొట్టనేలేదా!"

తడి చేతులు కొంగుకి తుడుచుకుని తనే కొట్టింది. ఆ రోజు నుంచి అదొక అలవాటైపోయింది. అంట్లు తోమడం అవ్వగానే ఆ పేజీ తీసి, ఆవిడకి నాలుగు చప్పట్లు కొట్టి, అప్పుడు చదువుకి కూర్చునేది. తనకెందుకో ఒక తోడు దొరికినట్టు ఉండేది.

పరీక్ష రోజు వచ్చింది. రత్నకుమార్ తన చప్పట్లు తను తీసుకుని ఆఫీసుకెళ్ళాడు. పెర్సిస్ బస్సెక్కింది. సుసన్న చదివే పుస్తకాలు మళ్ళీ ముందేసుకుంది. చదివిందంతా తుడిచిపెట్టుకుపోయింది, మందుల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. కాసేపటికి లస్మయ్య మెట్లెక్కి వచ్చాడు.

"యల్లా, పోదాం పా అక్కా, బండి రెడీ."

"నేను రాను లస్మయ్యన్నా. నా వల్ల కాదు. నువ్వెళ్ళిపో."

"గట్లంటవేందక్కా? ఇన్ని దినాలు సదివితివి."

"చదివినా అంతే. మళ్ళీ తప్పి, ఎవరికి మొహం చూపించమంటావు?"

లస్మయ్య వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సుసన్న చేతులు ఊరికే ఉండలేక బల్ల తుడిచింది, ప్రెసిడెంటు పుస్తకం దుమ్ము దులిపింది. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆవిడ బాకీ ఎందుకు ఉంచుకోవాలని ఆ పేజీ తీసి చేతులు ఎత్తింది.

ఆమె కొట్టలేదు. పేజీలోంచి చప్పట్లు వచ్చాయి.

మైదానం చప్పట్లు కావవి. ఒక్క మనిషివి. తొందరేమీ లేకుండా, పిండి కలిపిన చేతులు దులుపుకుని కొడుతున్నట్టు మెత్తగా వచ్చాయి. సుసన్న వింటూ నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తను కొట్టినవన్నీ ఆవిడ ఎక్కడో దాచిపెట్టి ఇవాళ తిరిగిస్తోందని ఆమెకి తెలిసిపోయింది. ఫోటోకి దణ్ణం పెట్టబోయి, సంఘం వాళ్ళు గుర్తొచ్చి, "వందనాలు తల్లీ" అని మాత్రం అంది. సంచీ భుజానికి తగిలించుకుంది.

"పద లస్మయ్యన్నా. ఏసీ గట్టిగా పెట్టు."

"గదీ మాట!" అని లస్మయ్య రెండేసి మెట్లు దిగాడు.

ఫలితం వచ్చిన సాయంత్రం సుసన్న ఫోన్ రత్నకుమార్ చేతిలో పెట్టింది. అతను చదివి, మళ్ళీ చదివి, లేచి నిలబడ్డాడు.

"పాసయ్యావా! ఎప్పుడు రాశావే? నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెబితే గ్రూపులో పెట్టేస్తారండీ."

రత్నకుమార్ మళ్ళీ కూర్చున్నాడు. మన ప్రెసిడెంటు గారు మాటలు వెతుక్కోవడం సుసన్న అప్పుడే చూసింది.

"నాకు తోచలేదే సుసన్నా" అన్నాడు చివరికి. "అందరూ ప్రార్థిస్తే నీకు బలం అనుకున్నాను గానీ, నిన్నలా నలుగురిలో నిలబెట్టేస్తున్నానని తోచలేదు. ఇప్పుడు... పెట్టనా?"

ఆ అడగడానికి సుసన్నకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇప్పుడు పెట్టండి. ఇంకో మాట, శుక్రవారం కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం. బిర్యానీ మాత్రం మీరే వండాలి."

శుక్రవారం హాలంతా నిండిపోయింది. కింది నుంచి ఖమర్ సుల్తానా సేమ్యా గిన్నెతో వచ్చింది. లస్మయ్య తలుపు పక్కన కూర్చున్నాడు. పాటలయ్యాక సుసన్న సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడికి వందనాలు చెప్పింది. లస్మయ్యన్న పికప్‌కి చెప్పింది. ఉద్యోగం ఆపి ఉంచిన క్లినిక్ మేడమ్‌కి చెప్పింది. అప్పుడెవరో పుస్తకం అందించి, "ముందు సగం తెరవండి సిస్టర్, గట్టిగా మోగుతుంది" అన్నారు.

"ఆ చప్పట్లు ఆయనవండి. నాకు కొట్టింది ఈవిడ" అని భార్య పేజీ తెరిచి అందరికీ చూపించింది.

అందరూ చెవులు రిక్కించారు. పేజీ కిక్కురుమనలేదు. దాచిందంతా సుసన్నకే ఇచ్చేసింది కాబోలు.

"ఈవిడ దగ్గర ఇక లేవు. మనమే కొట్టాలి" అంది సుసన్న.

ముందు లస్మయ్య కొట్టాడు. తర్వాత ఖమర్ సుల్తానా, పెర్సిస్, సహవాసం అంతా. ఎప్పుడో పోయిన, ఊరు కాని ఊరి ఇల్లాలికి అల్ ఘర్రాఫాలో విల్లా కప్పు లేచిపోయేలా కొట్టారు. ఆ సందడికి వంటింట్లోంచి రత్నకుమార్ పరుగెత్తుకొచ్చాడు. నడుముకి సుసన్న ఏప్రాను, చేతులకి ఉల్లిపాయ ముక్కలు. అందరూ పుస్తకం వైపు చూసి కొడుతున్నారు. అతను మాత్రం సుసన్న వైపు తిరిగి నిలబడి, ఆమెనే చూస్తూ కొట్టాడు. అందరూ ఆపేశాక కూడా ఒక్కడే కొడుతూనే ఉన్నాడు.

బిర్యానీ అడుగంటింది. ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు, లస్మయ్య అయితే మాడు కూడా గీకి పెట్టించుకున్నాడు.