నా ఎర్రతోలు ఒర

నేను ఒక కత్తిని. పేరు వినగానే వెనక్కి జరగకండి. కుత్తుకలు కోసే రకం కాదు నేను. ఊరు ముగిసి నల్లమల అడవి మొదలయ్యే చోట, మేకలు కాసేవాళ్ళు మొలకు కట్టుకుని తిరిగే జానెడు కత్తిని. కొమ్మ నరకాలన్నా, కాలిలో దిగిన ముల్లు తీయాలన్నా, అడవిలో ఒంటరివాడికి కాస్త ధైర్యం కావాలన్నా నేనే దిక్కు.

పూర్వజన్మలో నేను ఒక లారీ కింద కమాను పట్టాని. ఆ లారీ తుక్కు కిందికి పోయాక కమ్మరి ఈరన్న నన్ను తెచ్చి కొలిమిలో పడేశాడు. ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచాడు. చుయ్యిమన్న ఆ క్షణంలో నాకు ప్రాణం వచ్చింది. చండ్రకర్ర చేవతో పిడి బిగించి, సాన పట్టి, తన ముంజేతి వెంట్రుకలు గొరిగి చూసుకుని ఈరన్న మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. అప్పటి నా పొగరు చూసి తీరాల్సిందే.

ఎంత పొగరున్నా ఒర లేని కత్తిని ఎవరూ మొలలో పెట్టుకోరు. మనుషులు ఈ విషయంలో మహా జాగ్రత్తపరులు. నాకు ఒర కావాలంటారు గానీ, నాకంటే పదునైన తమ నాలుకలకు మాత్రం ఎవరూ ఒర కుట్టించుకోరు.

ఒరలూ చెప్పులూ కుట్టే ఓబులేసు ఇల్లు పక్క వీధిలోనే. చేయి తిరిగిన పనివాడు. పాపం, కళ్ళకు పొరలు కమ్మి ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాడు. కొడుక్కి తోలు పని మీద మనసు లేదు, ట్రాక్టరు తోలుకుంటున్నాడు. కోడలు రత్నాలమ్మకేమో ఆ పనంటే ప్రాణం. వంట ముగించుకుని వచ్చి మామ పక్కన కూర్చుని, ఆయన చేతులనే చూస్తూ నేర్చుకుంది. ఈరన్న నన్ను తెచ్చి ఇచ్చిన రోజున ముసలాయన తేల్చి చెప్పేశాడు.

"ఈ ఒర నువ్వే కుట్టుమ్మీ. నేను చెయ్యి పెట్టను. కుదిరితే పనిముట్లన్నీ నీయే. కుదర్లేదంటే మూటగట్టి అటక మీద పడేస్తా. నా పేరు చెడగొట్టుకునేది నాకొద్దు."

రత్నాలమ్మ ఆ మాట పట్టుకుని పని మీద పడింది. మేకతోలుకు ఎర్రరంగు వేసింది. సన్నటి ఇత్తడి మేకులతో ఒంపు తిరిగిన మేకపోతు కొమ్ములు దిద్దింది. మూతి చుట్టూ గవ్వలు కుట్టింది. ఆ సోకు చూసి నాకే సిగ్గేసింది. అయితే ఆ సోకులో పడి ఆమె అసలు సంగతి మరిచిపోయింది. కత్తి పదును ఆనే వైపున, రెండు తోళ్ళ నడుమ మందపాటి అంచు పట్టీ ఒకటి పెట్టి కుట్టాలి. లేకపోతే పదును నేరుగా కుట్టుదారం మీదే ఆనుతుంది. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నన్ను కావాలన్నవాడు మేకల బీరప్ప. మా వైపు కత్తి తీసుకునేవాడు దాన్ని మొలకు కట్టుకుని దొడ్డి కంచె మీంచి దూకాలి. కత్తి జారకూడదు, గుచ్చుకోకూడదు. అప్పుడే ఒర నెగ్గినట్టు. బీరప్ప మీసం దువ్వుకుని, ఓబులేసు ఇంటి ముందరి కంచె మీంచి దూకాడు. దారం పుటుక్కుమంది. నేను ఒర పక్కనుంచి బయటపడి, పోతూ పోతూ అతని మొలతాడునూ పంచె ముడినీ కూడా తెంపేశాను.

బీరప్ప రెండు చేతులతో పంచె పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

"చూసినారా అప్పా, నా కత్తి పదును!" అన్నాడు ఈరన్న.

రత్నాలమ్మ ముఖంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. ఓబులేసు ఒరను తడిమి చూశాడు. "అంచు పట్టీ యాడమ్మీ?" అని మాత్రం అన్నాడు. పనిముట్లు మూటగట్టడం మొదలుపెట్టాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"మామా, దారమే గదా తెగింది, తోలు తెగలేదు. ఆ ఆరె ఒక్కటీ ఇయ్యి" అంది రత్నాలమ్మ.

ముసలాయన మూట మీంచి చెయ్యి తీశాడు. ఆమె అందులోంచి తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె లాక్కుంది. పట్టీకి సరిపడే మందపు తోలు ఇంట్లో లేదు. అటూ ఇటూ చూసి, తన కుడికాలి చెప్పు విప్పింది. పెళ్ళికి మామే కుట్టిచ్చిన కిర్రుచెప్పు అది. నన్ను చేతిలోకి తీసుకుని దాని అడుగును బద్దగా కోసేసింది. చెప్పు ముక్క నా పక్కన పడుకోవడమేమిటని నేను కాసేపు మూతి ముడుచుకున్నాను. ఆమె చేతి వేగం చూశాక ఆ మాటే మరిచిపోయాను. పాత కుట్టు విప్పి, బద్దను నడుమ పెట్టి, దారానికి మైనం రాసి మళ్ళీ కుట్టుకొచ్చింది. అంతసేపూ బీరప్ప తువ్వాలు చుట్టుకుని అరుగు మీద గమ్మున కూర్చున్నాడు.

మొలతాడు ముడేసుకుని, పంచె బిగించి మళ్ళీ దూకాడు. ఈసారి పంచె మీద ఒక చెయ్యి వేసుకునే దూకాడు. నేను ఒరలోంచి వెంట్రుకవాసి కదల్లేదు.

అందరూ కేకలు పెట్టారు. రత్నాలమ్మ సంతోషంగా మామ దగ్గరికి నడిచింది. ఓబులేసు చెవి ఒగ్గి విన్నాడు.

"ఏమ్మీ, ఒంటి చెప్పే కిర్రుమంటాండాది?"

ఆమె తల వంచుకుంది. "ఆ రెండోది పట్టీ అయింది మామా."

ముసలాయన మూట విప్పి, తన పనిపీట ఆమె వైపు జరిపాడు. తడుముకుంటూ ఒక తోలు ముక్క నేల మీద పరిచి, చెప్పు విడిచి తన పాదం దాని మీద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగినాక ఆయన ఇంకొకరు కుట్టిన చెప్పు తొడిగినవాడు కాదు.

"నాయి కూడా అరిగినాయి. కొలత తీసుకో" అన్నాడు.

రత్నాలమ్మ బొగ్గుముక్కతో ఆ పాదం చుట్టూ గీత గీసింది. బొటనవేలి దగ్గర గీత కొంచెం వంకర పోయింది. ఆ గీత వెంటే నడవమని నన్ను బీరప్ప మొలనున్న ఒరలోంచి తీసింది.

"అప్పా, నా కత్తి నాకెప్పుడిస్తారు?" అన్నాడు బీరప్ప, పంచె పట్టుకుని. నేనప్పటికే ఆ వంకర గీత మీద సగం దూరం వచ్చేశాను.