ఒక స్టేజీ తక్కువ

నేను ఒక వెదురు కర్రను. కణుపులు మరీ గట్టివి, బుట్టకు పనికిరానని మేదరి సింహాచలం మొదట నన్ను పక్కన పడేశాడు. తర్వాత మనసు మార్చుకుని, నున్నగా చెక్కి, అడుగున ఇనుప పొన్ను తొడిగి, చేతికర్రగా సంతలో నిలబెట్టాడు. మూడు వారాలు ఎవరూ ముట్టలేదు. నాలుగో వారం దాలమ్మ వచ్చింది.

దాలమ్మ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వెంట వచ్చిన తవిటయ్య అదే బస్సుకు ఏళ్ల తరబడి డ్రైవరు. చక్రాల మీద తిరిగిన నేలను ఒక్కసారైనా కాళ్లతో చూడాలని ఇద్దరికీ కోరిక. పట్నంలోని నడక సంఘంవాళ్లు కొండ కింది నుంచి సముద్రం దాకా, చేలగట్ల మీదుగా, జీడితోటల మధ్యగా, నూట పది కిలోమీటర్ల బాట ఏర్పరిచారు. దారి పొడవునా రాళ్ల మీద పసుపురంగు పట్టీ, మధ్యలో ఎర్రచుక్క. అవి చూసుకుంటూ పోవడమే. ఒక్క బిగిన నడవలేరు కనుక నెలకో ముక్క.

ముక్క అనేది నా మాట. దాలమ్మ "స్టేజీ" అనేది. ఆగినచోట నాతో నేలమీద గీత గీసి, మరుసటి నెల బస్సు దిగి, సరిగ్గా అక్కడే నన్ను మోపి మొదలుపెట్టేది. వాన చెరిపేసిన గీతను కూడా వెతికేది. ఎవరూ అడగని నియమాలు పెట్టుకుని వాటికి భయపడటం మనుషులకు సరదా. తవిటయ్యది ఇంకో సరదా. టీ తాగి లేచినా, కాల్లో ముల్లు తీసుకుని లేచినా, ఆమె "రైట్" అంటే తప్ప అడుగు కదపడు.

ఆమె కుడి మోకాలు అప్పటికే అరిగిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఆ తర్వాత ఎంత నడవగలదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఈలోగానే బాట మొత్తం నడిచేయాలని ఆమె పట్టుదల.

అయిదో స్టేజీలో తప్పు జరిగింది. ఒక ఊరి పొలిమేరలో దారి రెండుగా చీలింది. కుడివైపు బండిబాట పక్కన ఒక రాయి పసుపుగా, మధ్యలో ఎర్రగా కనిపించింది. "అదిగో గుర్తు. రైట్!" అంది దాలమ్మ. ఇద్దరూ నేల చూసుకుంటూ ఆ రాయిని దాటిపోయారు. ఆ పసుపూ కుంకుమా అమ్మవారికి పూసినవని తారురోడ్డెక్కాక ఆటోవాడు నవ్వుతూ చెప్పాడు. అప్పటికి మోకాలు వాచిపోయింది. బాట మళ్లీ తగిలే పక్క ఊళ్లో అతను వాళ్లను దింపాడు. మధ్యలో మూడు కిలోమీటర్లు నడవకుండా మిగిలిపోయాయి.

నాలుగు నెలల తర్వాత సముద్రం వచ్చింది. దాలమ్మ చివరి రాయికి నన్ను తాకించింది. సంఘం అధ్యక్షుడు శాలువాలు పట్టుకుని నవ్వుతూ పిలిచాడు. ఆమె కదల్లేదు.

"తవిటన్నా, మనం ఒక స్టేజీ టికెట్టు లేకుండా వచ్చీసినాం."

"ఎవలికి తెలుస్తాది? పది రోజుల్లో ఆపరేషను ఎట్టుకుని ఇప్పుడు ఆ మాటేటి?"

"చెకింగోళ్లు లేరని ఏనాడైనా టికెట్టు కొట్టడం మానీసినానేటి?"

శాలువా నాలుగడుగుల దూరంలో ఉంది. తవిటయ్య ఆమె మొహం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె రైట్ అనలేదు. పాపం, అధ్యక్షుడికి ఏమీ అర్థం కాలేదు.

రెండు రోజులాగి, ఆటో దింపిన ఊరి నుంచి వెనక్కి నడక మొదలుపెట్టారు. ఎదురు నడిస్తే చెల్లుతుందా అని తవిటయ్యకు అనుమానం. "అప్పయినా డౌనయినా సర్వీసు సర్వీసే. రైట్," అంది దాలమ్మ. ఆ మూడు కిలోమీటర్లూ ఆమె బరువంతా నా మీదే. నా పొన్ను వదులైపోయింది. అమ్మవారి రాయి దగ్గరికి చేరగానే కూలబడి ఏడ్చింది. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

తర్వాత తన ఎర్ర రుమాలు నాకు కట్టి, ఆ బండిబాట మొదట్లో పాతింది. "ఇంకెవలూ ఇటు తప్పిపోకూడదు," అంది. తవిటయ్య భుజం పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పసుపు గిన్నెతో ఊరి ఆడవాళ్లు వచ్చారు. అమ్మవారి పక్కన కర్ర, కర్రకు ఎర్రగుడ్డ! ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పూట తిరక్కుండా నాకు నిలువెల్లా పసుపు పూసి బొట్టు పెట్టారు. ఇప్పుడు నడకవాళ్లు దూరం నుంచే నన్ను చూసి, గుర్తు దొరికిందని సంబరపడి, నిస్సంకోచంగా ఇటే తిరుగుతున్నారు. అంతకుముందు దారి తప్పించేది ఒక్క రాయే.

ఆపరేషనైన ఆరు నెలలకు దాలమ్మ, తవిటయ్య మళ్లీ వచ్చారు. నన్ను పీకబోయిన తవిటయ్య మీదికి ఒక ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, అమ్మోరి కర్ర! ముట్టకు బావూ!" అతను చెయ్యి లాక్కున్నాడు. దాలమ్మ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ముసలమ్మ దగ్గర చిటికెడు కుంకుమ అడిగి పుచ్చుకుని, నా ముందు వంగింది. మోకాలు వంగింది. బొట్టు పెట్టి, ఎవరినీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

ఎదురుగా నలుగురు నడకవాళ్లు నా వైపే వస్తున్నారు. దాలమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఇది అమ్మోరు బాబూ, గుర్తు కాదు. మాతో రండి, మాది రెండో ట్రిప్పు." ఎడమ గట్టు వైపు తిరిగి, "రైట్!" అంది.

తవిటయ్య కదిలాడు. అలవాటుకొద్దీ నేనూ బయల్దేరబోయాను.