ఉసోనియాలో ఏడో ఇల్లు

ఆదివారం ఉదయం ఆ కొండవాలు మీద చర్చికి వెళ్ళేవాళ్ళకంటే ఇటుకలు పేర్చేవాళ్ళే ఎక్కువ. గుమాస్తాలూ టీచర్లూ అయిన ఏడు కుటుంబాలవాళ్ళు మిషిగన్‌లో కలిసి స్థలం కొని, సొంత చేతులతో ఇళ్ళు కట్టుకుంటున్నారు. కాలనీకి ఉసోనియా అని పేరు పెట్టుకున్నారు. అమెరికా అన్నది రెండు ఖండాల ఉమ్మడి పేరు. దాన్ని ఒక్క దేశం కాజేయడమేమిటి? అందుకే తమ దేశానికి కొత్త మాట, ఆ మాటకు తగ్గ ఇల్లు. వీధివైపు బడాయి లేదు, తోటవైపు గోడంతా అద్దమే. ఇటుకల మధ్య అడ్డ సందులు లోతుగా గీకాలి, నిలువు సందులు సమంగా పూడ్చాలి. అప్పుడు గోడ ఆకాశానికి ఎగబాకదు, నేల వెంట సాగుతుంది. గళ్ళుగళ్ళుగా గీసిన ఎర్ర సిమెంటు నేల కింద వేడినీటి గొట్టాలుంటాయి. కోటలు కట్టించినవాడెవడూ మామూలు మనిషి పాదాల చలి తలచలేదు. ఈ ఇల్లు తలచింది.

గొట్టాల్లో నీళ్ళు పారకముందే, ఎవరు ఎక్కడ బతకబోతారో అక్కడి గడి దానంతటదే వెచ్చబడేది. ఆ ఏడు కుటుంబాల్లో ఒకామె, వెర్నా క్రూగర్, తన కుర్చీ వేసుకున్నది దాన్ని బట్టే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన నాలుగో ఏడు, చలికాలం ముంగిట, బ్యాంకు షరతు పెట్టింది. తెల్లవాళ్ళు తప్ప ఎవరూ ఉండరని సంతకం చేస్తేనే అప్పిస్తామంది. ఏడో స్థలం ఇషిదా దంపతులది. చియెకో ఇషిదా టీచరు. జపాను నుంచి వచ్చినవాళ్ళకు ఈ దేశంలోనే పుట్టి, యుద్ధమంతా ఈ దేశపు నిర్బంధ శిబిరంలో, ముళ్ళకంచె వెనకే గడిపింది.

"చేసేద్దాం," అన్నాడు వెర్నా భర్త ఎల్డన్. "మంచు పడేలోగా కప్పులు వెయ్యకపోతే కలపంతా కుళ్ళిపోతుంది."

"సిగ్గులేదూ? ఉసోనియా అని బోర్డు రాసింది నువ్వేగా!" అంది వెర్నా.

"ఆ బోర్డు కప్పుకుని పడుకుంటావా?"

"పోట్లాడుకోకండి. మేమే తప్పుకుంటాం," అంది చియెకో. "గుడిసెలు మాకు కొత్తేం కాదు."

అంతలోనే మంచు మొదలైంది. కలప మీద టార్పాలిన్ కప్పడానికి అందరూ పరుగెత్తారు. ఏడో స్థలంలో గోడల్లేవు, ఉత్త సిమెంటు నేలే. అది తెల్లగా కప్పుకుపోయింది. పొయ్యి రావాల్సిన చోట మాత్రం రెండు గళ్ళు ఎర్రగా మిగిలాయి. పడకగది మూల ఇంకొకటి, ఆవిరి కక్కుతూ.

చియెకో కడుపు మీద చెయ్యేసుకుంది. "ఇంకా మా ఆయనకే చెప్పలేదు."

ఎల్డన్ మోకాళ్ళ మీద కూర్చుని, గ్లవ్ తీసి, ఆ మూల గడి మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"బ్యాంకును వెళ్ళి ఏట్లో దూకమను," అన్నాడు చివరికి.

ఉన్న కలపతో మూడు కప్పులే పడ్డాయి. ఏడు కుటుంబాలూ వాటి కిందే ఇరుక్కుని, తిట్టుకుంటూ, ఒకే గిన్నెలో సూపు కాచుకుంటూ చలికాలం దాటాయి.

మంచు కరిగాక చియెకో, కడుపు అడ్డొస్తున్నా, తన ఇంటి మొదటి వరుస పేర్చింది. నిలువు సందులన్నీ లోతుగా గీకేసింది.

వెర్నా చూసి పకపకా నవ్వింది. "పూడ్చెయ్యి, పూడ్చెయ్యి. ఇక్కడివాళ్ళందరం మొదట చేసిన తప్పే!"