కడుక్కున్నావా నాన్నా?

నేను చేసేది రంగులు వేసే పని. నా కూతురికి పడనిది రంగు వాసన. ఆ పైవాడికి వేళాకోళం ఎక్కువైనప్పుడు ఇలాంటి జతలే కుదురుస్తాడు కాబోలు.

పని నుంచి వచ్చాక తిన్నగా ఇంట్లోకి వెళ్ళను. పెరట్లో రేకుల చాటున బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళంతా తోముకుని, ఉతికినవి వేసుకున్నాకే గడప తొక్కాలి. లోపలి నుంచి మా పిట్ట అరుస్తుంది, "కడుక్కున్నావా నాన్నా?" అని. దానికి తొమ్మిదేళ్ళు, పెత్తనం మాత్రం ముసలమ్మది. "కడుక్కున్నా తల్లీ" అంటే చాలదు. "ఏదీ, చేతులు చూపించు" అంటుంది. చూపిస్తేనే మీదికెక్కుతుంది.

వానాకాలంలో ఒకసారి ఆ మాట అడగడం మరిచిపోయింది. ఏదో బొమ్మ గీశానని చూపించడానికి వీధిలోకే పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. చీకటి పడేసరికి గుండెలో పిల్లికూతలు, డొక్కలెగరెయ్యడం, పెదాలు నల్లబడటం. ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆసుపత్రికి తిరగడంలోనే సగం ఏడు బడి ఎగిరిపోయింది. వేసవి సెలవులయ్యాక ఇక బడికి పంపవచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు అది మంచం మీద గంతులేసింది. వాళ్ళమ్మ దాని బ్యాగులో ఊపిరాడనప్పుడు మందు పీల్చే నీలం పంపు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం సర్ది, "ఇవి లేకుండా గడప దాటావో, కాళ్ళు విరగ్గొడతా" అంది.

సరిగ్గా ఆ సెలవుల్లోనే బడికి రంగులు వేసే పని మా మేస్త్రీకి వచ్చింది. నేనే వేస్తానని పట్టుబట్టాను. ఇంకెవడో వేస్తే ఏ గది ఎప్పుడు వేశాడో నాకెలా తెలుస్తుంది? గోడలకు పైన నీళ్ళ రంగు, కింద పిల్లల చేతులు తగిలే మేర ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. ఆ ఆయిలే మా పాలిట యముడు. అందుకని మా పిట్ట కూర్చునే నాలుగో తరగతి గదిని అన్నిటికంటే ముందు ముగించి, కిటికీలు బార్లా తెరిచిపెట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి మూలమూలనా ముక్కు పెట్టి వాసన చూసేవాణ్ణి. "ఏంట్రా, గోడలకు ముద్దులు పెడుతున్నావు?" అని మేస్త్రీ నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు. బడి తెరిచే నాటికి ఆ గదిలో సుద్దముక్కల వాసన తప్ప మరొకటి లేదు. తొలకరి వానలకు పని వెనకబడి, చివరి గది మాత్రం ముందు రోజు సాయంత్రానికి అయింది. అది పాత సామాన్లు పెట్టుకునే గది అన్నారు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

బడి తెరిచిన రోజు మైదానం చివర ఇనప గేటుకు రంగు వేస్తున్నాను. పిట్ట వచ్చింది. దూరం నుంచే నన్ను చూసి, అరచేతులు రెండూ రుద్దుకుని చూపించింది. కడుక్కున్నావా అని. లేదని తల ఊపాను. నాలుక బయటపెట్టి వెక్కిరించి, జడలు ఎగరేసుకుంటూ లోపలికి పోయింది. నాకు ఎంత సంతోషం వేసిందో!

కాసేపటికి వరండాలో కేకలు. టీచరమ్మ ఓ పిల్లను రెక్క పట్టుకుని బయటికి నడిపిస్తోంది. ఆ పిల్ల మా పిట్టే. వచ్చింది నాలుగో తరగతి గదిలోంచి కాదు, చివరి గదిలోంచి. బ్రష్షు నా చేతిలోంచి డబ్బాలో పడింది.

పరిగెత్తాను. మైదానం సగం దాటాక కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నా చొక్కా నిండా, ప్యాంటు నిండా, మోచేతుల దాకా అదే పెయింటు. నేను దగ్గరికి వెళ్ళడమంటే ఆ గదిని మోసుకెళ్ళడమే.

"రావయ్యా! మీ పాపే కదా, ఎత్తుకో!" అని టీచరమ్మ అరిచింది.

"నేను రాకూడదమ్మా! నా ఒంటి నిండా అదే ఉంది! బ్యాగులో పంపు, బ్యాగులో!"

ఎవరో పిల్ల లోపలికి ఉరికి బ్యాగు తెచ్చింది. టీచరమ్మ పిట్టను నేల మీద పడుకోబెట్టబోయింది.

"పడుకోబెట్టకండి, మీకు దణ్ణం పెడతా! కూర్చోబెట్టండి! పంపు బాగా ఊపండి! గొట్టానికి తగిలించండి! మూత! అయ్యో, మూత తియ్యలేదు!"

ఆవిడ పంపును అటూ ఇటూ తిప్పుతోంది. జన్మలో ఎప్పుడైనా పట్టుకుంటే కదా. మూత ఊడి దొర్లిపోయింది.

"నోట్లో పెట్టండి, పెదాలు మూసి పట్టుకోమనండి. ఇప్పుడు ఒక్కసారి నొక్కండి. పిట్టా, పీల్చమ్మా... మెల్లగా... ఇంకోసారి... ఇంకోసారి. టీచరమ్మా, మళ్ళీ ఊపండి, మళ్ళీ నొక్కండి!"

నా గొంతు చిరిగిపోతోంది. పిట్ట మెడ దగ్గర గుంట పడుతోంది, పక్కటెముకలు గౌను మీదికే తెలుస్తున్నాయి. కళ్ళెత్తి నన్ను చూసింది. చెయ్యి చాపింది. నోట్లో గొట్టం ఉంది, అయినా ఏమంటోందో నాకు తెలియదా? కన్నతండ్రిని, అంత దూరంలో నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటూ రమ్మంటే, నేను ఒక అడుగు వెనక్కి వేశాను. గాలి నా వైపు నుంచే వీస్తోందని ఇంకో అడుగు వేశాను. అలాంటి అడుగు పగవాడికి కూడా వద్దు.

పెద్ద టీచరు కారు తెచ్చింది. అప్పుడు నోరు ఆపుకోలేకపోయాను.

"ఎవర్ని అడిగి మార్చారండీ గది?"

"ఈసారి పిల్లలు ఎక్కువయ్యారు... అది పెద్దది. కొత్త రంగు, మెరుస్తోంది, సంతోషిస్తారని..." ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ముందు కారెక్కవయ్యా."

"నేనెక్కితే అది దిగాలండీ. వెళ్ళండి! పంపు నొక్కుతూనే వెళ్ళండి!"

కుళాయి కింద కూర్చుని తోముకున్నాను. వాచ్‌మన్ తన బట్టలిచ్చాడు, సైకిలిచ్చాడు. ఎలా తొక్కానో నాకే తెలియదు.

ఆసుపత్రి గదికి అద్దం తలుపు. లోపల పిట్ట మూతికి మాస్కు, పక్కన వాళ్ళమ్మ. కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చినట్టుంది, మెడలో ఇంకా టేపు వేలాడుతోంది. నన్ను చూసి తలుపు దాకా వచ్చి, సందు మాత్రం తెరిచింది.

"గండం గడిచిందట. రెండు రోజులు ఇక్కడే ఉంచాలంట."

"బడికి?"

"ఆ మాట ఇప్పుడెత్తకు" అంది. నా చేతుల వైపు చూసి, తలుపు మూసేసింది.

ఆయిల్ పెయింటు సబ్బుకు లొంగదు. టర్పెంటైన్‌తో తుడిస్తే చిటికెలో పోతుంది, కానీ దాని వాసన పెయింటును మించిన విషం. బట్టలు మార్చుకునేటప్పుడు జేబులోంచి తీసి ఉంచుకున్న ఉప్పు కాగితం ముక్క ఉంది. గోడలను గీకేది. బెంచీ మీద కూర్చుని దానితోనే గోళ్ళూ వేళ్ళూ రుద్దుకున్నాను. మండుతుంటే మండనీ అనుకున్నాను.

ఎప్పుడు కళ్ళు తెరిచిందో, పిట్ట నా వంకే చూస్తోంది. సూది గుచ్చిన చేతిని జాగ్రత్తగా ఎత్తి, రెండో చేతితో నెమ్మదిగా రుద్ది చూపించింది.

నేను లేచి నిలబడి, రెండు చేతులూ అద్దానికి ఆనించాను. వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచుల్లో ఇంకా ఆకుపచ్చ. మిగతా చోట్ల తోలు లేచి నెత్తురు. అది ఇటు చూసింది, అటు చూసింది, ఒక్కొక్క వేలూ చూసింది. తర్వాత మాస్కు పైనుంచే, ఇంట్లో చూసినట్టే కోపంగా నన్ను చూసి, ఇంకా పోలేదని తల అడ్డంగా ఊపింది.

"సరే తల్లీ" అన్నాను. దానికి వినబడదు.

తలుపు ఇవతలే కూర్చుని, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాను.